‘చేసుకోండి’ అంటే చాలదు.. దగ్గరుండి చేయించాలి

ప్రిస్క్రిప్షన్‌లో మందులన్నీ అయిపోయాక అట్టడుగున ఒక వాక్యం ఉంటుంది. ‘బ్యాక్ ఎక్సర్‌సైజులు చేయాలి.’ దానికి మోతాదు ఉండదు. ఎన్ని పూటలు, ఎన్ని వారాలు, ఎవరి దగ్గర అన్నదీ ఉండదు. కొన్నిచోట్ల బొమ్మలు ముద్రించిన ఒక కాగితం కూడా చేతిలో పెడతారు. మందుల షాపులో పైన రాసినవన్నీ కవర్లో వేసి ఇస్తారు. కింద రాసిన ఆ ఒక్కటి మాత్రం ఎక్కడా దొరకదు. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్తే ‘ఎక్సర్‌సైజులు చేశారా?’ అని అడుగుతారు. ‘చేశానండీ, ఏం తేడా లేదు’ అంటారు పెద్దాయన. ఇక ఆపరేషనే అన్న మాట అక్కడి నుంచి మొదలవుతుంది.

నడుము దగ్గర వెన్ను నాళం ఇరుకైపోయిన వారి విషయంలో ఈ తంతు చూస్తే నాకు కోపం వస్తుంది. లంబార్ స్పైనల్ స్టెనోసిస్ అని వైద్యులు పిలిచే ఈ సమస్యకు ఆపరేషన్ కాకుండా ఉన్న చికిత్సల్లో, మిగతా వాటికన్నా మెరుగైన ఆధారం ఉన్నది ఆ అట్టడుగు వాక్యానికే. కాగితం చూసి ఇంట్లో ఒంటరిగా చేసుకునేదాని కన్నా తెలిసిన మనిషి ఎదురుగా ఉండి కొలిచి, సరిదిద్ది, పెంచుకుంటూ చేయించే వ్యాయామం మేలని పరీక్షల్లో తేలింది కూడా. నేను ఫిజియోథెరపిస్టుని. తన కొట్టు సరుకును తనే మెచ్చుకుంటున్నారని మీకు అనిపించొచ్చు. అందుకే మా వాళ్ల లోపాలు కూడా ఇందులోనే చెబుతాను.

ముందు ఈ జబ్బు తీరు అర్థం కావాలి. వెన్నుపాము మన నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కాళ్లకు, మూత్రాశయానికి వెళ్లే నరాలు ఒక కుచ్చులా కిందికి దిగుతాయి. గుర్రపు తోకలా ఉంటుందని వైద్యశాస్త్రంలో దానికి ఆ పేరే పెట్టారు. యాభై, అరవై దాటాక వెన్నుపూసల మధ్య డిస్కులు ఎండి ఎత్తు తగ్గుతాయి. వెనకవైపున్న చిన్న కీళ్లు అరిగి ఉబ్బుతాయి. పూసలను పట్టి ఉంచే లిగమెంటు మందమవుతుంది. ఇవన్నీ కలిసి నరాల కుచ్చు వెళ్లే దారిని నొక్కేస్తాయి. నిలబడినా, వెనక్కి వంగినా ఆ దారి మరింత ఇరుకవుతుంది. కూర్చున్నా, ముందుకు వంగినా కాస్త వెడల్పవుతుంది.

జబ్బు గుట్టంతా ఈ చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. రెండు వీధులు నడిచేసరికి పిరుదుల నుంచి పిక్కల దాకా బరువెక్కుతుంది, లాగుతుంది, మొద్దుబారుతుంది. ఏ అరుగు మీదో ఐదు నిమిషాలు కూర్చుంటే చేత్తో తీసేసినట్టు పోతుంది. మళ్లీ నడిస్తే మళ్లీ అదే. సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ మీద మోచేతులు ఆనించుకుని అరగంట తిరిగిన మనిషే బయటికొచ్చాక ఆటోస్టాండు దాకా నడవలేరు. సైకిలు తొక్కమంటే తొక్కగలరు. పెళ్లిలో అక్షింతలు వేసే వరసలో మాత్రం పది నిమిషాలు నిలబడలేరు. నిలబడితే, నడిస్తే వచ్చి విశ్రాంతితో పోయే ఈ కాళ్ల నొప్పిని, దాని వెనకున్న ఇరుకు నాళాన్ని నెదర్లాండ్స్ న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్ 1954లోనే వివరంగా రాశారు. ఇప్పటికీ మన ఇళ్లలో ‘టీవీ ముందు గంటలు గంటలు బాగానే కూర్చుంటారు, కూరగాయలు తెమ్మంటేనే కాళ్ల నొప్పులు’ అనే దెప్పుళ్లు వినిపిస్తూనే ఉన్నాయి. కూర్చున్నప్పుడు బాగుండటం ఈ జబ్బు లక్షణం. నటన కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. షుగరు ఉన్నవారిలో, పొగ తాగేవారిలో కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే పిక్క పట్టేస్తుంది. అయితే అది ఆగి నిలబడితే చాలు తగ్గుతుంది, కూర్చోనక్కర్లేదు. సైకిలు తొక్కినా వస్తుంది. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు పాదాల్లో వచ్చే మంటకు కూర్చోవడం, నిలబడటంతో పెద్దగా సంబంధం ఉండదు, రాత్రిళ్లు ఎక్కువవుతుంది. ఒకే మనిషికి ఈ మూడూ ఉండే అవకాశం కూడా ఉంది. కాబట్టి వెన్ను స్కానింగ్‌కు పరుగెత్తే ముందు పాదాల దగ్గర నాడి చూశారా అని డాక్టర్‌ను అడగడంలో తప్పులేదు.

స్కానింగ్ సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పుకుందాం. ఎమ్మారై రిపోర్టులో ‘సివియర్ స్టెనోసిస్’ అన్న మాట కనిపించగానే ఇల్లంతా బెంబేలెత్తిపోతుంది. జపాన్‌లోని వాకాయామా ప్రాంతంలో తొమ్మిది వందల మందికి పైగా సాధారణ ప్రజలకు ఎమ్మారై తీసి 2013లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 30 శాతం మందిలో నాళం తీవ్రంగా ఇరుకైపోయి ఉంది. ఆ తీవ్రమైన వారిలోనూ లక్షణాలు ఉన్నవారు ఐదుగురిలో ఒకరికన్నా తక్కువే! బొమ్మలో ఇరుకు వేరు, మనిషికి బాధ వేరు. చికిత్స చేయాల్సింది రెండో దానికి. ఆ పెద్దాయన ఎంతసేపు నడవగలుగుతున్నారన్నది ఏ ఫిల్మూ చెప్పదు.

మరి ప్రిస్క్రిప్షన్‌లో పైన ఉన్న మందుల సంగతేమిటి? మన దగ్గర ఈ జబ్బుకు రాసే చీటీల్లో గాబాపెంటిన్ లేదా ప్రీగాబాలిన్, దానికి జతగా మిథైల్‌కోబాలమిన్ తరచూ కనిపిస్తాయి. నొప్పి మాత్ర ఉండనే ఉంటుంది. కెనడా పరిశోధకుల ఆధ్వర్యంలో 2021లో వెలువడిన మార్గదర్శకాలు ఈ జబ్బుకు ఇవేవీ వాడొద్దనే సూచించాయి. నొప్పి మాత్రలు, కండరాలు సడలించే మందులు, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, మిథైల్‌కోబాలమిన్, వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు.. అన్నీ ఆ వద్దన్న జాబితాలోనే ఉన్నాయి. అంతకు ముందే 2014లో అమెరికాలో 400 మందిపై జరిగిన పరీక్షలో స్టెరాయిడ్ కలిపిన ఇంజెక్షన్‌కూ, ఒట్టి మత్తుమందు ఇంజెక్షన్‌కూ ఆరు వారాల తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ మార్గదర్శకాలు ముందు వరసలో పెట్టినవి జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పడం, అలవాట్లు మార్చడం, వాటితో పాటు వ్యాయామం, చేతులతో చేసే థెరపీ.

ఇది చదివి రేపే మాత్రలు ఆపేయకండి. ప్రీగాబాలిన్ లాంటివి ఉన్నట్టుండి మానకూడదు. అవి వేరే నరాల జబ్బులకు పనికొస్తాయి, మీకు దేనికి రాశారో అడిగి తెలుసుకోవాలి. శాకాహారులకు, షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవారికి బి12 నిజంగానే తగ్గొచ్చు. రక్తపరీక్షలో తేలితే ఆ విటమిన్ తీసుకోవాల్సిందే. అది మరో లెక్క. నేను అడిగేదల్లా ఒకటే. మాత్ర వేసుకుని తూలుతూ బాత్రూమ్‌లో పడిపోయే వయసు వారికి, ఆ మాత్ర కన్నా ముందు రాయాల్సిన దాన్ని చివర ఎందుకు రాస్తున్నాం?

దగ్గరుండి చేయించడం వల్ల ఎంత తేడా వస్తుందో వాకాయామాలోనే మరో బృందం పరీక్షించింది. వెన్ను నాళం ఇరుకైన 86 మందిని రెండుగా విడదీశారు. సగం మందికి వ్యాయామాలు నేర్పి ఇంట్లో చేసుకోమన్నారు. మిగతా సగం మందికి వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు ఫిజియోథెరపిస్టులు దగ్గరుండి చేయించారు. 2019లో ప్రచురితమైన ఫలితాల్లో నడవగలిగే దూరం, లక్షణాల తీవ్రత, రోజువారీ పనులు.. మూడింటిలోనూ రెండో జట్టే మెరుగు. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ దాకా వెళ్లినవారు కూడా ఆ జట్టులోనే తక్కువ. రెండు జట్లవారూ చేసింది వ్యాయామమే. ఎదురుగా ఒక మనిషి ఉన్నారా లేదా అన్నదే ముఖ్యమైన తేడా.

ఆ మనిషి చేసేదేమిటి? మొదటిరోజు నడిపిస్తారు. ఎన్ని నిమిషాలకు కూర్చోవాలనిపించిందో రాసుకుంటారు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో మోకాలినీ, ఆపైన రెండింటినీ ఛాతీ వైపు లాగిస్తారు. నడుము కింద ఉండే ఖాళీని పొట్ట కండరాలు బిగించి మంచానికి అదిమిస్తారు. తొడ ముందుభాగం, తుంటి ముందు కండరాలు సాగదీయిస్తారు. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్నవారికి ఈ కండరాలు బిగుసుకుపోయి, నిలబడగానే నడుమును విల్లులా లోపలికి లాగేస్తుంటాయి. ఇరుకు దారిని మరింత ఇరుకు చేసేది అదే. పిరుదులకు, పొట్టకు బలం వచ్చే వ్యాయామాలు ఉంటాయి. కాస్త ముందుకు వాలి కదలని సైకిలు తొక్కిస్తారు. ఆ తర్వాత మళ్లీ నడక. నొప్పి బాగా ముదరకముందే ఆపి, కూర్చోబెట్టి, తగ్గాక మళ్లీ నడిపిస్తారు. ఈసారి పది అడుగులు ఎక్కువ.

ఇదంతా కాగితం మీద రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు. కానీ కాగితం చూడలేదు. మోకాలు లాగేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టడం, దాంతో బీపీ పెరగడం కాగితానికి కనిపించదు. రెండు కాళ్లూ ఒకేసారి నిటారుగా ఎత్తేటప్పుడు నడుము పైకి లేచి వంపు తిరగడం ఆయనకే తెలియదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు యూట్యూబ్‌తో వస్తోంది. నడుము నొప్పి అని వెతికితే భుజంగాసనం రావడం ఖాయం. డిస్కు జారిన కొందరికి వెనక్కి వంగడం హాయినిస్తుంది. నాళం ఇరుకైన వారికి అదే కాళ్లలో తిమ్మిరి తెప్పిస్తుంది. పేరుకు రెండూ నడుము జబ్బులే, వ్యాయామాలు మాత్రం ఉత్తర దక్షిణాలు. యోగా మీద నాకు ఏ పేచీ లేదు. యోగా మాస్టారికి మీ జబ్బు పేరు చెప్పి, వెనక్కి వంగే భంగిమలు పక్కన పెట్టమనండి, చాలు. సూర్య నమస్కారాల్లోనూ అవి ఉన్నాయి.

ముందుకు వంగడం మంచిదన్నారు కదా అని అదే పనిగా వంగితే మరో ప్రమాదం ఉంది. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లు లోతుగా ముందుకు వంగితే వెన్నుపూస నలిగిపోవచ్చు. మోకాళ్లు అరిగినవారు, గుండెలో స్టెంట్ వేయించుకున్నవారు, నడకలో తూలేవారు.. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. డెబ్బై ఏళ్ల మనిషికి ఒక్కటే జబ్బు ఉండటం అరుదు. బొమ్మల కాగితం మాత్రం అందరికీ ఒకటే.

కాగితం పోగొట్టలేనిది ఇంకోటి ఉంది, భయం. నడిస్తే నరం నలిగిపోతుందేమోనని చాలామంది నడకే మానేస్తారు. నడక మానితే కండరం కరిగిపోతుంది, తూలుడు పెరుగుతుంది, షుగరు అదుపు తప్పుతుంది. మొదట బజారు, తర్వాత గుడి, ఆ తర్వాత పక్కింటి వరకు వెళ్లడం కూడా ఆగిపోతుంది. కాలు లాగినప్పుడు పక్కన ఉన్న మనిషి ‘పర్లేదు, కూర్చోండి, రెండు నిమిషాల్లో పోతుంది చూడండి’ అని, నిజంగానే పోవడం నాలుగుసార్లు చూపిస్తే తప్ప ఆ భయం వదలదు.

వ్యాయామంతో ఇరుకు నాళం వెడల్పవుతుందా? అవదు. ఎవరైనా అవుతుందని చెబితే నమ్మకండి. స్కానింగ్ మళ్లీ తీసినా అదే రిపోర్టు వస్తుంది. మారేది నడవగలిగే నిమిషాలు.

ఇక ఆపరేషన్. సర్జన్లను విలన్లను చేయడం నాకిష్టం లేదు. పాదం పైకి లేవకుండా చచ్చుబడుతుంటే, కాళ్లలో బలం రోజురోజుకూ తగ్గుతుంటే, మల మూత్రాల మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఫిజియో దగ్గరికి రావద్దు. సూటిగా ఆసుపత్రికి వెళ్లాలి. చివరి రెండూ గంటల్లో తేల్చాల్సిన విషయాలు. అలాంటి ప్రమాద సంకేతాలేవీ లేని వారికే నేను చెప్పేది. అమెరికాలో 2015లో వెలువడిన ఒక పరీక్షలో, ఆపరేషన్‌కు తగినవారని తేలి అందుకు ఒప్పుకున్న 169 మందిని తీసుకుని, కొందరికి ఆపరేషన్, కొందరికి ఆరు వారాల ఫిజియోథెరపీ అని చీటీ వేసినట్టు నిర్ణయించారు. రెండేళ్ల తర్వాత శారీరక సామర్థ్యంలో రెండు జట్ల మధ్యా తేడా కనిపించలేదు. మా వాళ్లు ఇంతవరకే చెప్పి ఆపేస్తుంటారు. మిగతాదీ చెప్పాలి. ఫిజియోథెరపీ జట్టులో 57 శాతం మంది ఆ రెండేళ్లలో ఆపరేషన్‌కు మళ్లారు. అంటే వ్యాయామం అందరికీ సరిపోలేదు. అటు తిప్పి చూస్తే, కత్తికి సిద్ధపడి వచ్చినవారిలోనూ దాదాపు 43 శాతం మంది దాని జోలికి పోకుండానే గడిపారు. నాకైతే ఆ 43 శాతం చిన్న అంకెగా కనిపించడం లేదు. మిగతావారు కూడా బలపడిన కండరాలతోనే ఆపరేషన్ బల్ల ఎక్కుతారు. ఆ తర్వాతా వ్యాయామం తప్పదు.

ఇప్పుడు మా లోపం. ఫిజియోథెరపీ సెంటర్‌కు వెళ్లామంటే చాలామందికి గుర్తొచ్చేది ‘కరెంటు పెట్టించుకోవడం’. పదిహేను సిట్టింగులు బోర్లా పడుకోబెట్టి, నడుముకు ప్యాడ్లు అంటించి, వేడి కాపడం పెట్టి పంపిస్తారు. లేచేటప్పటికి హాయిగా ఉంటుంది, గేటు దాటేసరికి కాళ్లు లాగుతాయి. ఇది నేను చెబుతున్న చికిత్స కాదు. మిషన్‌కు అప్పజెప్పి పక్క పేషెంటు దగ్గరికి వెళ్లిపోవడం పర్యవేక్షణ ఎలా అవుతుంది? ఒకేసారి ఆరుగురికి ప్యాడ్లు అంటించొచ్చు, ఒకేసారి ఆరుగురిని నడిపించలేం. కిటుకంతా అక్కడే ఉంది. మీరు వెళ్లే చోట బీపీటీ లేదా ఎంపీటీ చదివినవారు స్వయంగా చేయిస్తున్నారా, మొదటిరోజు మీ నడకను కొలిచారా, వారం వారం ఏదైనా పెంచుతున్నారా అని చూడండి. నాలుగో సిట్టింగ్ వచ్చినా చెమట పట్టలేదంటే వేరే చోటు చూసుకోవడమే మేలు.

డబ్బు దగ్గరికొస్తే మన ఆరోగ్య బీమా తీరు విచిత్రంగా ఉంటుంది. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే పలుకుతాయి. ఆపరేషన్‌కు లక్షలైనా క్యాష్‌లెస్. ఆపరేషన్ తర్వాత చేయించే ఫిజియోథెరపీకి కూడా డిశ్చార్జి తర్వాతి ఖర్చుల కింద కొన్ని పాలసీల్లో డబ్బు వస్తుంది. ఆపరేషన్‌ను తప్పించగల పన్నెండు సిట్టింగులకు మాత్రం సొంత జేబే గతి. రాను పోను ఆటో ఖర్చు అదనం. పింఛను మీద బతికే ఇంట్లో లెక్క ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. బీమా కంపెనీలు ధర్మం కోసం కాకపోయినా తమ లాభం కోసమైనా ఆ పన్నెండు సిట్టింగులకు డబ్బివ్వాలి. సర్జన్ ముందస్తు అనుమతికి పంపే కాగితాల్లో ‘పర్యవేక్షణలో వ్యాయామం ఆరు వారాలు చేయించారా, నడక ఎంత మారింది’ అన్న ప్రశ్న ఒకటి ఉంటే ఇంకా మంచిది. అత్యవసర కేసులను వదిలేసి మిగతావారికి ఆ ప్రశ్న అడగడంలో ఎవరికీ నష్టం లేదు.

అప్పటిదాకా ఈ పన్నెండు సిట్టింగుల భారం ఇంటివాళ్లదే. డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు నాన్న కోసం ఎక్సర్‌సైజ్ సైకిలు ఆర్డర్ పెడతారు. నెల తిరిగేసరికి దాని మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి. ఆ డబ్బుతో ఆరు వారాలు ఫిజియో ఫీజు కట్టి, తీసుకెళ్లి తీసుకురావడానికి ఒక ఆటో మాట్లాడితే ఎక్కువ ఉపయోగం. ఇంటికొచ్చి చేయించేవారు ఉన్నారు, వాళ్లయినా సరే. అమ్మ విషయంలో ఇది మరీ కష్టం. మంగళవారం, శుక్రవారం పదకొండు గంటలకు నేను ఇంట్లో ఉండను అని చెప్పే అలవాటు మన తల్లులకు లేదు. ఆ రెండు పూటలా వంట వేరేవాళ్లు చేస్తారని ముందే తేల్చకపోతే మూడో వారానికి ‘ఇవాళ కుదర్లేదమ్మా’ మొదలవుతుంది.

ఆరు వారాలయ్యాక మానేయొచ్చా? 2019లోనే వెలువడిన మరో అమెరికా పరీక్ష దీనికి జవాబు చెబుతుంది. 259 మందిలో కొందరికి మామూలు వైద్యం, కొందరికి గుంపుగా వ్యాయామం, కొందరికి విడివిడిగా థెరపిస్టు చేతితో చేసే చికిత్స, వ్యాయామం ఇచ్చారు. రెండు నెలలప్పుడు మూడో జట్టు ముందుంది. ఆరు నెలలకు ఆ తేడా చెరిగిపోయింది. అందువల్ల చివరి రెండు వారాల్లోనే ఇంట్లో ఏం చేయాలో నాలుగైదు వ్యాయామాలు ఎంచి, ఆయన తప్పుల్లేకుండా చేసే దాకా చేయించి పంపాలి. ఇంటి కాగితం అప్పుడు పనికొస్తుంది. రెండు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే మరీ మంచిది.

మొదలుపెట్టే రోజు ఇంట్లో మీరు చేయాల్సిన పని ఒకటుంది. చదునైన దారిలో ఆయన్ను మామూలు వేగంతో నడవమని, ఎన్ని నిమిషాలకు కూర్చోవాల్సి వచ్చిందో గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయండి. ఆరు వారాల తర్వాత అదే దారిలో మళ్లీ నడిపించి ఆ రోజు గడిలో రాయండి. నాలుగు నిమిషాలు తొమ్మిదయితే కొనసాగించండి. నాలుగు నాలుగుగానే ఉండిపోతే, ఆ రెండు అంకెలూ పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్లండి.